చిట్టెం దిబ్బల జాడలో

ఇనుము మిగలదు. వానకు తడిసి, మట్టి చెమ్మకు తుప్పు పట్టి, పొరలు పొరలుగా రాలి తాను పుట్టిన నేలలోనే కలిసిపోతుంది. తుప్పుకు దొరకనిది మనిషి చేతికి దొరుకుతుంది. అరిగిన నాగటి కర్రు కొలిమికి పోయి కొడవలి అవుతుంది, విరిగిన కొడవలి మొలలవుతుంది. ఒక తరం వాడిన ఇనుమును తర్వాతి తరం కరిగించి మరో పనికి వాడుకుంటుంది. ఇనుము తీసినప్పుడు పక్కకు పారబోసిన చిట్టెం మాత్రం అలా పోదు. దానికి ధర లేదు కాబట్టి ఎవరూ ఎత్తుకుపోలేదు. సగం గాజు లాంటిది కాబట్టి వానకూ ఎండకూ తేలిగ్గా లొంగలేదు. వెయ్యేళ్ల కిందట పడ్డచోటే పడి ఉంది. అందుకే పాతకాలపు ఇనుము జాడ తెలుసుకోవాలనుకున్నవాడు ఇనుము కోసం వెతికి లాభం లేదు. ఇనుము తీసినవాళ్లు వద్దనుకున్నదాన్ని వెతకాలి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నడుమ ఉన్న పల్లెల్లో ఈ వెతుకులాట నాకు ఏళ్లుగా అలవాటైపోయింది. ఏ ఊరికి వెళ్లి ఇక్కడ చరిత్ర ఏముందని అడిగినా చూపించేవి మూడే: గుడి, గడి, కోట. జగిత్యాలలో అయితే 1747లో జఫరుద్దౌలా ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో కట్టించిన నక్షత్రాకారపు కోటను, దాని మీది ఫిరంగులను చూపిస్తారు. చూడదగ్గ కోటే. కానీ ఆ ఫిరంగుల కాలానికి ఎంతో ముందు నుంచీ ఈ చుట్టుపక్కల గుట్టల కింద ఇనుము కరిగించినవాళ్లున్నారు. వాళ్ల ఇళ్లు, పేర్లు, శాసనాలు ఏవీ లేవు. వాళ్ల చరిత్ర ఏదని అడిగితే ఊళ్లో ఎవరూ వేలు పెట్టి చూపించరు. ఎందుకంటే అది చూపుడువేలు ఎత్తే ఎత్తులో లేదు, కాలి కింద ఉంది.

ముందు నేలను చదవాలి. జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు వైపు పోయే రోడ్డు మీద కంటికి ఆనేవి మామిడి తోటలు, మక్కజొన్న, వరి, పసుపు చేన్లు. వాటి వెనక బండలు పేర్చినట్టున్న గుట్టలు కనిపిస్తాయి. ఈ ప్రాంతపు రాళ్లలో అక్కడక్కడా ఒక వింత పొర సాగుతుంది. తెల్లటి పలుగురాయి ఒక చార, నల్లటి మాగ్నటైట్ ఒక చార, మళ్లీ తెలుపు, మళ్లీ నలుపు. మాగ్నటైట్ అంటే అయస్కాంతానికి అంటుకునే ముడి ఇనుము. వానలకు ఆ రాయి శిథిలమై, బరువైన నల్లటి రేణువులు ఒర్రెల్లోకి కొట్టుకొచ్చి, వాగు మలుపుల్లో తెల్ల ఇసుక మీద నల్లని చారలై నిలుస్తాయి. వానాకాలం వెళ్లాక ఏ వాగులో దిగి చిన్న అయస్కాంతం ఆడించినా అది గడ్డం మొలిచినట్టు నల్లబడుతుంది. పాతకాలపు వాళ్లకు గని తవ్వే అవసరం ప్రతిచోటా రాలేదు. ఏటా వానే గుట్టను దంచి, కడిగి, జల్లెడ పట్టి ముడి సరుకును వాగులో పోసి వెళ్లేది.

ముడి ఇనుము ఒక్కటే ఉంటే చాలదు. బొగ్గుకు అడవి కావాలి, బట్టీకి వేడికి పగలని మట్టి కావాలి, మట్టి తడపడానికి నీళ్లు కావాలి. ఈ నాలుగూ కూతవేటు దూరంలో కలిసే చోటు ఏదో ఊహించుకుని నడిస్తే చాలాసార్లు కాళ్లు సరైన చోటికే చేరుస్తాయి. గుట్ట వాలు దిగి సాగు నేల మొదలయ్యే అంచు, వాగుకు దగ్గరగా ఉండి వరదకు అందని మిట్ట, చెరువు కట్ట వెనకున్న పాత బీడు అలాంటి చోట్లు. ఊరి నడిమధ్యన అరుదు. పొగ, మంట, రాత్రింబవళ్ల పని ఊరికి ఎడంగానే సాగేవి.

చిట్టెం రాయి కళ్లకంటే ముందు చేతులకు తెలుస్తుంది. అదే పరిమాణంలో ఉన్న మామూలు రాయికంటే బరువుగా ఉంటుంది. ఒక ముఖం మీద, ముదురు పాకం గిన్నె అంచు దాటి కారి గడ్డకట్టినట్టు, ముడతలు ముడతలుగా ప్రవాహపు గుర్తులుంటాయి. విరిగినచోట నల్లగా నిగనిగలాడుతుంది, గాలి బుడగల గుంటలు కనిపిస్తాయి. కొన్నింటి మీద బొగ్గు ముక్క ఒత్తుకున్న అచ్చు, అందులో చెక్క నార గీతలతో సహా నిలిచి ఉంటుంది. ఎర్రటి జేగురు రాయి, ఇటుక బట్టీల్లో ఎక్కువ కాలి గాజుబారిన కిట్టం ముక్కలు దూరం నుంచి ఇలాగే కనిపిస్తాయి. జేగురుకు ప్రవాహపు ముడతలుండవు. ఇటుక కిట్టానికి ఈ బరువుండదు. ఊరి కమ్మరి కొలిమి అడుగున పేరుకునే చిట్టెం చిన్న చిన్న గిన్నెల్లా ఉంటుంది, కుప్పలు పడదు. ఒక చెలకంతా పరుచుకుని, నడుస్తుంటే చెప్పుల కింద కణకణమంటే అక్కడ ఇనుము సాగదీసి పనిముట్లు చేయలేదు. ఇనుమునే పుట్టించారు.

అయితే ఈ నేలను నాకంటే బాగా చదివినవాళ్లు ఆ ఊళ్లలోనే ఉన్నారు. పురావస్తు పుస్తకాలు చదివి వెళ్లేకంటే మేకలు కాసే ముసలాయనను అడగడం మేలు. కోరుట్ల దాటాక ఒక గుట్ట వాలులో అలాంటి పెద్దాయన ఒకరిని అడిగాను. “తాతా, ఈ నల్లరాళ్లు ఏంటివి?” అంటే, “అవి రాళ్లు గావు బిడ్డా, చిట్టెం. ఎనుకట ఈడ ఇనుము తీసేటోళ్లట. మా నాయిన చెప్పెటోడు” అన్నాడు. చేతికర్రతో అవతలి బోరు చూపించి, “గా బోరు కాడ ఇంకా మస్తున్నయ్” అని తోడు వచ్చాడు. ఇంకోచోట పసుపు చేన్లో కలుపు తీస్తున్న ఆమె నడుం ఎత్తి, “దున్నినప్పుడల్లా లేస్తయ్ సారూ. ఏరి గట్టుకు పోస్తం, మల్ల లేస్తయ్” అంది. ఆ గట్టు మీద తరతరాలుగా ఏరి పోసిన చిట్టెం నడుమెత్తు ఉంది. ఆమె అత్త, ఆ అత్తకు అత్త కూడా ఏరి పోసి ఉంటారు. శాస్త్రీయ సర్వేలో చేసే పని కూడా చివరకు ఇదే: ఎక్కడ, ఎంత మేర, ఎంత మందాన అని నేలను అడగడం. నేల మీద బతికేవాళ్లకు ఆ జవాబులు ముందే తెలుసు. అది చరిత్ర అని మాత్రం ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

ఇంతకీ ఆ బట్టీలో ఏం జరిగేది? శుద్ధమైన ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. మట్టి బట్టీ, తోలుతిత్తులు, కట్టెబొగ్గుతో అంత వేడి నిలబెట్టడం కష్టం. అసలు అంత అవసరం కూడా రాలేదు. బొగ్గు మండి పుట్టిన వాయువు ముడి ఇనుములోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. 1,200 డిగ్రీల దరిదాపుల్లో ఇనుము కరగకుండానే మెత్తబడి ఒకచోట చేరి ముద్ద కడుతుంది. ఆ వేడికి కరిగేది ముడి సరుకులోని ఇసుక. అది కొంత ఐరన్ ఆక్సైడ్‌ను తనలో కలుపుకుని చిట్టెమై కిందికి కారుతుంది. బట్టీ అడుగున కన్నం తెరిచి దాన్ని బయటికి వదిలేవారు. గట్ల మీద దొరికే ప్రవాహపు ముడతలు ఆ క్షణంలో పడ్డవే. చివరకు బట్టీ బద్దలు కొట్టి ఎర్రటి ముద్దను బయటికి లాగి, అది చల్లారకముందే సుత్తెలతో మోది, లోపల మిగిలిన చిట్టెం పిండేసేవారు.

చిట్టెం బరువులో దాదాపు సగం ఐరన్ ఆక్సైడే ఉండటం మామూలు. చదివినప్పుడు ఎంత ఇనుము వృథా అనిపిస్తుంది. ఆలోచిస్తే అది వృథా కాదు. ఆ ఆక్సైడ్ కలవకపోతే ఇసుక అంత తక్కువ వేడికి కరగదు, ఇనుమును విడిచి రాదు. కొంత ఇనుమును నష్టపోతేనే మిగతా ఇనుము చేతికి వస్తుంది. ఆ నష్టం ఎంత ఉండాలో, తిత్తి ఎంత వడిగా ఊదాలో, మంట ఏ రంగుకు వచ్చినప్పుడు కన్నం తెరవాలో చెప్పే ఉష్ణమాపకం వాళ్ల దగ్గర లేదు. కన్ను ఉంది, చెవి ఉంది, తాత దగ్గర కూచుని నేర్చుకున్న ఓపిక ఉంది. గాలి ఎక్కువైతే ఇనుము బొగ్గును ఎక్కువ పీల్చి పెళుసవుతుంది. తక్కువైతే ముద్ద కట్టదు. ఒక్క ముద్ద కోసం ఒక కుటుంబం మొత్తం పని చేసేది. బొగ్గు కాల్చేవాళ్లు, ఇసుక కడిగేవాళ్లు, మట్టి తొక్కేవాళ్లు, తిత్తి తొక్కేవాళ్లు అందరూ ఆ ముద్దలో ఉన్నారు.

ఇనుము పుట్టించే ఈ పనివాళ్లను ఉత్తర తెలంగాణలో ముద్దకమ్మరులు అన్నారు. ఊళ్లో కర్రులు సాగదీసే కమ్మరులు వేరు, వీళ్లు వేరు. కమ్మరి ఊరికి ఒకడై రైతుల నడుమ బతికాడు. ముద్దకమ్మరి అడవికీ వాగుకూ దగ్గరగా బతికాడు. వీళ్లు మమ్మాయి తల్లిని కొలిచారు. బట్టీలో పడే కష్టమంతా ఆమెకు చెప్పుకునేవారు. కడుపులో బిడ్డను కాచే తల్లినే బట్టీ కడుపులో ఇనుమును కాచే తల్లిగా మొక్కి ఉంటారని నాకు తోస్తుంది. మంట ముందు నిలబడి పనిచేసేవాడికి ఆ మొక్కు వట్టి ఆచారం కాదు. మంట తన చేతిలో పూర్తిగా లేదన్న ఎరుక.

ముద్దకమ్మరుల ఇనుము ఎక్కడిదాకా పోయిందో చెప్పే ఊరు ఈ దారిలోనే ఉంది. మెట్‌పల్లి దాటి నిజామాబాద్ జిల్లాలోకి అడుగుపెడితే కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం వస్తుంది. హెన్రీ వెస్లీ వాయిసీ అనే వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త ఉండేవాడు. లాంబ్టన్ అనే అధికారి నడిపిన త్రికోణమితి సర్వేతో పాటు దక్కను అంతా తిరిగి 1824లో చనిపోయాడు. కోనసముద్రంలో ఉక్కు తయారీని కళ్లారా చూసి అతడు రాసుకున్న వివరాలు 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. రెండు చోట్ల తీసిన ఇనుమును కలిపి మూసలో, అంటే మూత బిగించే మట్టి పాత్రలో, పెట్టేవారని అతడు రాశాడు. ఒకటి కొండాపూర్‌ది. రెండోది మెట్‌పల్లిది. ఇవాళ పసుపు మార్కెట్‌కు పేరున్న మెట్‌పల్లి అప్పుడు ఉక్కు కోసం ఇనుము పంపిన ఊరు.

మూసకు వాడిన మట్టి కథ వేరే ఉంది. గుట్టల రాయి చివికి ఏర్పడిన బంకమట్టిలో పాత బట్టీల పొడి, వడ్ల ఊక, నూనె కలిపి పిసికేవారు. ఆ మట్టితో చేసిన మూసలో ఇనుము ముక్కలు నింపి, మూత పెట్టి, సందులు మెత్తి, బట్టీలో వరసగా పేర్చి ఒక రాత్రీ ఒక పగలూ ఎడతెగకుండా ఊదేవారు. చల్లారాక మూస పగలగొడితే లోపల అడుగున ఉక్కు బిళ్ల ఉండేది. బరువు మన లెక్కలో ముప్పావు కిలోకు కాస్త తక్కువ. అంతటితో పని అయిపోలేదు. బిళ్లకు మళ్లీ మట్టి పూసి గంటల తరబడి కాల్చి చల్లార్చడం మూడు నాలుగుసార్లు జరిగేది. లేకపోతే అది సుత్తె దెబ్బకు పగిలిపోయేంత పెళుసు.

కోనసముద్రంలో ఇప్పటికీ దొరికే మూసల పెంకులు చేతిలోకి తీసుకుంటే ఆ ఊక కనిపిస్తుంది. పెంకు బయటివైపు ఆకుపచ్చ గాజు కారినట్టుంటుంది. విరిగిన అంచు బొగ్గులా నల్లగా ఉంటుంది. దాంట్లో వడ్ల గింజ పొట్టు ఆకారాలు గుచ్చినట్టు నిలిచి ఉంటాయి. 1980లలో థెల్మా లో అనే పరిశోధకురాలు ఈ పెంకులను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. ఊకలోని బొగ్గు మూస గోడలో మిగిలి, బయటి గాలి లోపలి ఉక్కును చెడగొట్టకుండా అడ్డుకుంది. ఊకలోని సిలికా గోడకు అస్థిపంజరమై నిలిచింది. అంత వేడికి మట్టిలో ముల్లైట్ అనే ఖనిజం సన్నని సూదుల్లా పెరిగి గోడను మరింత గట్టిపరిచింది. ఇవాళ కార్ఖానాల్లో మేలైన రిఫ్రాక్టరీల కోసం వెతికే గుణాలన్నీ ఆ నల్లటి గోడలో ఉన్నాయి. దంచిన వడ్ల నుంచి చెరిగి పారేసే ఊకలో అంత బలం ఉందని కనిపెట్టినవాడెవడో మనకు తెలియదు. పొలమూ బట్టీ ఒకే ఇంటి రెండు గదులుగా బతికిన ఊళ్లోనే అలాంటి ఆలోచన పుడుతుంది.

ఈ ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి హాజీ హుస్సేన్ అనే వర్తకుడు కోనసముద్రం వచ్చి ఉండటం వాయిసీ చూశాడు. పర్షియాలో దీన్ని చేయాలని ప్రయత్నించి కుదరలేదని ఆ వర్తకుడే చెప్పాడు. అంతకు చాలా ముందు, 17వ శతాబ్దంలో, తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు నీటి అలల్లాంటి జాడలు తేలే కత్తులకు పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి పర్షియాకు వస్తుందని రాశాడు. ఒక్కో బిళ్లను రెండు ముక్కలుగా కోసేవారని కూడా రాశాడు. అదే శతాబ్దంలో తెవెనో అనే మరో యాత్రికుడు ఇందల్వాయి దగ్గర కత్తులు, బాకులు, ఈటెల తయారీ చూశాడు. లోకం ఈ కత్తులను డమాస్కస్ కత్తులంది. అమ్మిన బజారు పేరు నిలిచింది, ఉక్కు పుట్టిన ఊరి పేరు పోయింది.

యూరప్ శాస్త్రవేత్తలు ఆ తర్వాత ఈ రకం ఉక్కు రహస్యం కోసం ఏళ్ల తరబడి తంటాలు పడ్డారు. 1795లో జార్జ్ పియర్సన్ దాని మీద లండన్ రాయల్ సొసైటీకి పత్రం సమర్పించాడు. విద్యుచ్ఛక్తి పరిశోధనలతో జగత్ప్రసిద్ధుడైన మైకేల్ ఫారడే 1819లో భారతీయ ఉక్కును విశ్లేషించాడు, ఆ తర్వాత జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి దానిలాంటి మిశ్రమాలు చేయాలని ప్రయత్నించాడు. ఫారడే కమ్మరి కొడుకు. తండ్రి కొలిమిలో ఇనుము చూసి పెరిగినవాడు, మన దేశపు కొలిమి దగ్గర పుట్టిన ఉక్కు ముందు విద్యార్థిలా కూచున్నాడు. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. అదే సమయానికి మెట్‌పల్లి పక్కన ఎవరో ఒక ముద్దకమ్మరి తిత్తి తొక్కుతూ ఉన్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. లోకం మాత్రం ఒకరి పేరే రాసుకుంది.

ఈ చిట్టెం ఏ కాలందని వెంటనే అడుగుతారు. కంటితో చూసి చెప్పలేం. శాతవాహనుల నాటి చిట్టెం, నిజాం నాటి చిట్టెం పక్కపక్కన పెడితే చాలాసార్లు ఒకేలా ఉంటాయి. పద్ధతి మారకపోతే గుర్తూ మారదు. పక్కన దొరికే కుండపెంకు కొంత చెబుతుంది. చిట్టెంలో చిక్కుకున్న బొగ్గు ముక్కను కార్బన్ పరీక్షకు పంపితే మరికొంత చెబుతుంది. కానీ ఈ నేల మీద ఇనుము చాలా పాతదనడానికి సాక్ష్యాలు వేరే ఉన్నాయి. తెలంగాణ పల్లెల్లో రాక్షసగుళ్లు అని పిలిచే పెద్ద రాళ్ల సమాధుల్లో, చనిపోయినవాడి పక్కన ఇనుప కత్తులు, గొడ్డళ్లు, కొడవళ్లు పెట్టేవారు. అవి చాలావరకు క్రీస్తుకు పూర్వం మొదటి సహస్రాబ్దివి. పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరులో 1960ల చివరి నుంచి వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాల్లో శాతవాహన కాలపు కమ్మరి కార్యశాల, 22 వేలకు పైగా నాణేలు బయటపడ్డాయి. జగిత్యాల జిల్లాలోనే గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో తొలి శాతవాహన రాజుల నాణేలు దొరికాయి. అడవి నరికి పొలం చేయడానికి గొడ్డలి, నేల దున్నడానికి కర్రు, రాయి చెక్కడానికి ఉలి ముందు కావాలి. వాటి తర్వాతే ఊరు, ఊరి తర్వాతే రాజు, రాజు తర్వాతే నాణెం. శాతవాహనుల పాఠం మొదలుపెట్టేటప్పుడు మనం నాణెం దగ్గర ఆగిపోతున్నాం.

ఈ వెతుకులాటను పద్ధతిగా చేసినవాళ్లున్నారు. ఎస్. జైకిషన్ ఊరూరా తిరిగి ఉత్తర తెలంగాణలో ఇనుము, ఉక్కు తీసిన చోట్లను నమోదు చేసి 2007లో ఇండియన్ జర్నల్ ఆఫ్ హిస్టరీ ఆఫ్ సైన్స్‌లో ప్రచురించారు. ఐఐటీ కాన్పూర్ లోహశాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రమణ్యంతో కలిసి కోనసముద్రం మీద రాశారు. 2010లో బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ పల్లెల్లో క్షేత్ర సర్వే చేశాయి. శారదా శ్రీనివాసన్, జిల్ జూలెఫ్ అందులో ముఖ్యులు. చిట్టెం పడ్డ చోట్లు పలు జిల్లాల్లో దట్టంగా ఉన్నాయని తేలాక, ఒకటి రెండు ఊళ్ల గొప్పగా చెప్పుకున్న కథ మొత్తం ప్రాంతపు పరిశ్రమగా అర్థమైంది. కోనసముద్రం వెనక వందల బట్టీలున్నాయి. ఉక్కుకు కావలసిన ఇనుము వాటి నుంచే వచ్చింది.

కోరుట్ల నుంచి కథలాపూర్, చందుర్తి మీదుగా వేములవాడకు, అక్కడి నుంచి సిరిసిల్లకు వెళ్తుంటే ఈ ఆలోచన మరో మలుపు తిరుగుతుంది. సిరిసిల్ల మరమగ్గాల ఊరు. పొద్దున్నే వీధిలో నడిస్తే ఇంటింటి గోడ వెనక నుంచి మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. నేత ఇనుముకంటే కూడా పాతది. కానీ వెయ్యేళ్ల కిందట మానేరు ఒడ్డున నేసిన చీర నూలుపోగైనా మనకు దొరకదు. దొరికితే దారం వడికిన కదురు మట్టిబిళ్ల ఒకటి దొరకవచ్చు. నేత, మేదరి బుట్ట, తోలు పని, వంట, నాట్లు, కలుపు ఇవన్నీ మట్టిలో కలిసిపోయే పనులు. లోకంలో మనిషి చేసిన శ్రమలో చాలా భాగం ఏ గుర్తూ మిగల్చలేదు. చిట్టెం మిగలడం ఆ పని గొప్పతనం వల్ల కూడా కాదు, ఆ పదార్థపు స్వభావం వల్ల. అందుకే ఒక చిట్టెం దిబ్బ ముందు నిలబడితే ముద్దకమ్మరి ఒక్కడే కాదు, గుర్తు మిగలని వాళ్లందరూ గుర్తుకొస్తారు. పక్క పొలంలో ఆ బట్టీవాళ్లకు అన్నం పండించినవాళ్లు, వాళ్ల ఒంటి మీది గుడ్డ నేసినవాళ్లు, తిత్తికి తోలు కుట్టి ఇచ్చినవాళ్లు. వాళ్లందరి తరఫునా సాక్ష్యం చెప్పడానికి ఈ నల్లరాయి ఒక్కటే మిగిలింది.

ఆ పని ఎందుకు ఆగింది? పర్షియాలో కత్తుల స్థానంలో తుపాకులు వచ్చాయి. ఓడల్లో ఇంగ్లండు ఇనుము చవకగా దిగింది. 1900 ప్రాంతంలో గోదావరి లోయ రైలుమార్గం నిజామాబాద్ మీదుగా పడ్డాక ఆ ఇనుము ఊరి సంతదాకా వచ్చింది. అడవులు సర్కారు రక్షణలోకి వెళ్లాక బొగ్గు కాల్చుకోవడం నేరమైంది. ముడి సరుకు వాగులో ఉంది, తెలివి చేతిలో ఉంది. కట్టె లేదు, కొనేవాడు లేడు. తిత్తి మూలకు చేరింది. ఒక తరం పని ఆపితే రెండో తరానికి మంట రంగు తెలియదు. అలా తెలిసిన విద్య మాసిపోయింది. చేతిపనికి మార్కెట్ పోయినప్పుడు ఏమవుతుందో సిరిసిల్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మిగిలిన సాక్ష్యం కూడా వేగంగా పోతోంది. చెలకలు చదును చేసే యంత్రం ఒక పూటలో దిబ్బను నేలమట్టం చేస్తుంది. చిట్టెం గట్టిగా ఉంటుందని బాటల కింద పోస్తారు. గ్రానైట్ కోసం గుట్టలు కోస్తున్నారు. గుట్టతో పాటు గుట్ట కింది బట్టీ జాడ కూడా పోతుంది. జలాశయాల కింద మునిగిన ఊళ్లతో పాటు వాటి బీళ్లూ మునిగాయి. మిడ్‌మానేరు నీళ్ల కింద ఏమేం ఉన్నాయో ఇక నడిచి చూడలేం. ఇందులో రైతు తప్పు లేదు. నీళ్లు కావాలి, సాగు పెరగాలి, బాట పడాలి. తన పొలంలో ఉన్నది చెత్త అని అందరూ చెప్పినప్పుడు అతడు దాన్ని చెత్తలాగే చూస్తాడు. గుడి రాయి దొరికితే బొట్టు పెట్టి నిలబెట్టే ఊరు, చిట్టెం కూడా పూర్వీకుల చేతిపనే అని తెలిస్తే ఒక మూల వదిలిపెట్టదా? తప్పకుండా వదిలిపెడుతుంది.

అందుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఉపాధి హామీ పనికో చెరువు పూడికకో నేల తవ్వేముందు ఊరి పెద్దవాళ్లను ఒక మాట అడగాలి. చిట్టెం ఉన్న చోటు సర్వే నంబరు గ్రామపంచాయతీ పుస్తకంలో ఎక్కించాలి. మండలానికి ఒక దిబ్బనైనా తాకకుండా ఉంచాలి. 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం కోటలకూ గుళ్లకూ ఇచ్చే శ్రద్ధలో కొంత దీనికీ దక్కాలి. హైస్కూలు పిల్లలను ఒక ఆదివారం తీసుకెళ్లి, ఒకరి చేతికి అయస్కాంతం ఇచ్చి వాగులోకి, ఒకరి చేతికి నోటుబుక్కు ఇచ్చి మేకల కాపరి దగ్గరికి పంపాలి. రసాయనశాస్త్రంలో ఆక్సీకరణం, క్షయకరణం చెప్పడానికి అంతకంటే మంచి ప్రయోగశాల ఉండదు. తమ గుట్ట రాయిలోనే ఆ సమీకరణం వందల ఏళ్ల పాటు జరిగిందని తెలిసిన పిల్లవాడు దాన్ని మరిచిపోడు.

ఎందుకింత పట్టుదల అని అడిగితే నా జవాబు ఇది. ఉత్తర తెలంగాణ పల్లెలను వెనకబడినవిగా, వాన కోసం ఆకాశం చూసేవిగా, వలస పోయేవిగా మనకు మనమే చెప్పుకుంటూ వచ్చాం. కరువు నిజం, వలస నిజం. దుబాయికి పోయిన కొడుకు కోసం ఎదురుచూసే ఇళ్లు కోరుట్లలో వీధివీధినా ఉన్నాయి. కానీ అదొక్కటే నిజం కాదు. ఒకప్పుడు ఆ సముద్రాల అవతలి వర్తకులే ఇక్కడికి వచ్చి, పల్లె బయట బట్టీ దగ్గర ఉక్కు చల్లారేదాకా ఎదురుచూశారు. ఈ నేల మనుషులు చదువు రాకుండానే పదార్థాన్ని చదివారు, లెక్క రాయకుండానే వేడిని కొలిచారు, పొలంలో పారేసే ఊకతో లోకానికి అందని ఉక్కు చేశారు. ఆ తెలివి ఎవరో రాజు ఇచ్చింది కాదు, ఎక్కడి నుంచో తెచ్చింది కాదు. ముద్దకమ్మరి పేరు మనం ఎప్పటికీ కనుక్కోలేం. అతడి పని ఎంత మేర విస్తరించిందో, ఎంత నేర్పుతో సాగిందో మాత్రం ఊరూరా నడిచి ఇంకా తెలుసుకోవచ్చు. ఆ అవకాశం ఇంకొక్క తరానికైనా మిగల్చడం, అతడి నేల మీద బతుకుతున్న మనందరి మీదా ఉన్న బాకీ.